బంతి తెచ్చిన ఖాకీ

తెల్లవారుజామున అయిదింటికే ఉస్మానియా క్యాంపస్ నిద్ర లేస్తుంది. తార్నాక వైపు నుంచి వచ్చేవాళ్లు వాకింగ్‌కి వస్తారు. మోకాళ్ల నొప్పులు, షుగరు లెక్కలు, అమెరికాలో ఉన్న పిల్లల కబుర్లు... మాటలే ఎక్కువ, నడక తక్కువ. అంబర్‌పేట, విద్యానగర్, అడిక్‌మెట్ వైపు నుంచి వచ్చేవాళ్లు మాత్రం మాట్లాడరు. పరుగెడతారు. ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు. వాళ్లకి కావలసింది ఒక్కటే... పోలీసు ఉద్యోగం.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చాక రాతపరీక్ష ఒక ఎత్తయితే, దేహ దారుఢ్య పరీక్ష ఇంకో ఎత్తు. దానికి పిలిచే చోట్లలో అంబర్‌పేటలోని పోలీసు లైన్ల మైదానం ఒకటి. ఎత్తు కొలుస్తారు. పరుగు పెట్టిస్తారు. లాంగ్‌జంప్ చేయిస్తారు. ఇనుప గుండు విసిరిస్తారు. బెత్తెడు తక్కువ పడిందంటే మళ్లీ నోటిఫికేషన్ దాకా ఎదురుచూపులే. అందుకే ఈ తెల్లవారుజాము పరుగులు.

ఇదే హైదరాబాద్‌లో ఒకప్పుడు పోలీసు కొలువుకి ఇంకో దారి ఉండేది. ఫుట్‌బాల్ బాగా ఆడితే చాలు, ఖాకీ దుస్తులు వెతుక్కుంటూ వచ్చేవి. అలా చేరిన కుర్రాళ్లతో తయారైన జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చిన జట్టది. వందేళ్లకు పైగా నడిచిన ఆ టోర్నమెంట్‌లో వరసగా అయిదుసార్లు గెలిచినవాళ్లు మరొకరు లేరు. ఈస్ట్ బెంగాల్ లేదు, మోహన్ బగాన్ లేదు, దొరల పటాలాలూ లేవు!

ఆ కప్పుల గొప్ప ఇప్పటి పిల్లలకి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అప్పట్లో దేశం మొత్తానికీ కలిపి ఒక లీగంటూ లేదు. ఏ ఊరి లీగు ఆ ఊరిదే. మరి ఏ ఊరి జట్టు గొప్పదో తేలేదెలా? వానాకాలం వెళ్లాక మూడు నాలుగు పెద్ద ఊళ్లలో కప్పు పోటీలు జరిగేవి. బయటి ఊళ్ల జట్లని పిలిచేవారు. ఓడిన జట్టు ఆ రోజే పెట్టె సర్దుకోవాలి. గెలిచిన జట్టు రెండు మూడు రోజుల్లో మళ్లీ దిగాలి. సమానమైతే ఇంకో రోజు మొదటి నుంచీ ఆట. అమెరికాలో పిల్లలున్నవాళ్లు అక్కడి కాలేజీ జట్లు కొత్త సంవత్సరం రోజుల్లో ఆడే ‘బౌల్’ ఆటల గురించి వినే ఉంటారు. అందులో పాతదైన రోజ్ బౌల్ 1902లో మొదలైంది. ఆ ఆట వేరు, ఆ బంతే వేరు. కానీ పిలుపు రావడమే ఒక గౌరవం, వెళ్లి గెలిస్తే ఊరికే పేరు అన్న సంగతి మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే.

మన దగ్గర అన్నిటికన్నా పాతది డ్యూరాండ్ కప్పు. 1888లో సిమ్లాలో మొదలైంది. అఫ్గానిస్తాన్ సరిహద్దు గీత గీసిన మోర్టిమర్ డ్యూరాండ్ దొర పేరు మీద పెట్టింది. మూడేళ్ల తర్వాత, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్పు మొదలైంది. రెండూ తెల్ల సిపాయిల కాలక్షేపం కోసం పుట్టినవే. ఏళ్ల తరబడి వాళ్లే ఆడారు, వాళ్లే గెలిచారు. రోవర్స్‌ని ఒక భారతీయ జట్టు గెలవడానికి 1937 దాకా పట్టింది. అది బెంగళూర్ ముస్లిమ్స్. డ్యూరాండ్‌కైతే 1940 దాకా. అది కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్. ఆ తర్వాత పదేళ్లకే హైదరాబాద్ పోలీసులు రంగంలోకి దిగారు.

అయితే ఈ కథలో అసలు మనిషి పోలీసు కాదు. బడిపంతులు!

సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఊరంతా ‘రహీం సాబ్’ అనేది. 1920ల చివర్లో ఆయన ఉస్మానియా విద్యార్థి. యూనివర్సిటీ జట్టులో ఆడారు. అప్పటికి ఇప్పటి క్యాంపస్ లేదు. 1918లో పుట్టిన యూనివర్సిటీ తరగతులు గన్‌ఫౌండ్రీ వైపు అద్దె భవనాల్లో నడిచేవి. అడిక్‌మెట్ గుట్టల మీద పునాదిరాయి పడింది 1934లో. ఆర్ట్స్ కాలేజీ తలుపులు తెరిచింది 1939 డిసెంబరులో. అంటే ఇవాళ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటోలు దిగేవాళ్లు చెప్పుకోదగ్గ ఆ యూనివర్సిటీ ఆటగాడు ఆ మెట్లు కట్టకముందే చదువు ముగించుకుని వెళ్లిపోయాడన్నమాట. ఉస్మానియా పాత, కొత్త విద్యార్థులు కలిసి పెట్టుకున్న ‘ఇలెవెన్ హంటర్స్’ అనే జట్టులోనూ ఆయన ఆడారు. ఖమర్ క్లబ్ తరఫునా ఆడారు.

బీఏ అయ్యాక పంతులుద్యోగం. అంబర్‌పేట పక్కనే ఉన్న కాచిగూడ మిడిల్ స్కూల్లో చెప్పారు. తర్వాత ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టుకి కోచ్. అదే ఏడాది నుంచి దేశం జట్టుకీ ఆయనే కోచ్. రెండు బాధ్యతలూ ప్రాణం పోయేదాకా వదల్లేదు.

బడిపంతులు కోచ్ అయితే ఏమవుతుంది? ఆట కూడా పాఠంలా చెబుతాడు. రహీం సాబ్ చేసింది అదే. ఊళ్లో ఆయన పెట్టించిన పోటీల గురించి వింటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒకటి, ఎడమకాలి పోటీ. కుడికాలివాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే బంతి తన్నాలి. ఎడమకాలివాటం వాడైతే కుడి కాలితో. పిల్లలు మొదట నవ్వుకుని ఉంటారు. బంతి ఒకచోటికి తంతే ఇంకోచోటికి పోతుంటే నవ్వు రాక ఏమవుతుంది! కానీ నెల తిరిగేసరికి రెండో కాలికీ తెలివి వస్తుంది. ప్రత్యర్థి కుడి వైపు అడ్డం నిలబడితే ఎడమ వైపు నుంచి దారి దొరుకుతుంది.

ఇంకొకటి, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీ. మామూలుగా మన ఊళ్లలో ఆట చూసేవాళ్లకి ఏమిష్టం? ఒక్కడే బంతి పట్టుకుని నలుగురిని తప్పించుకుంటూ పోవాలి. జనం ఈలలు వేయాలి. రహీం సాబ్ ఆ ఈలలకే కత్తెర వేశారు. బంతి అందిందా, వెంటనే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. మరి ఎవరికి ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? బంతి రాకముందే తల ఎత్తి చూసుకుని ఉండాలి. మిగతావాళ్లు అందుకునే చోట ఉండాలి, అంటే బంతి లేనివాడు కూడా పరుగెడుతూనే ఉండాలి. పదకొండుమందికీ పని దొరికింది. పెద్ద ఒడ్డూ పొడుగూ లేని హైదరాబాద్ కుర్రాళ్లు బలిష్ఠులైన పటాలం జట్ల మీదా, కలకత్తా జట్ల మీదా నెగ్గుకురావడంలో ఈ పాఠానిది పెద్ద చెయ్యి. భుజం భుజం రాసుకునే అవసరమే రాకుండా బంతిని చేతులు మార్చినట్టు కాళ్లు మార్చేస్తే, ఎదుటివాడి బలం ఎక్కడ పనికొస్తుంది?

ఇక మిగిలిన సంగతి, పొట్టకూటిది. అప్పట్లో ఫుట్‌బాల్ ఆడితే జీతం రాదు. పాత బస్తీలోనో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్క బస్తీల్లోనో పుట్టిన కుర్రాడు ఎంత బాగా ఆడినా ఇరవై ఏళ్లొచ్చేసరికి ఇంట్లో అడిగే ప్రశ్న ఒకటే... ‘బిడ్డా, ఎన్నాళ్లీ ఆట?’ దానికి జవాబు పోలీసు శాఖ ఇచ్చింది. నెల జీతం, క్వార్టరు, పెన్షను. ఆడినన్నాళ్లూ ఆట, తర్వాత డ్యూటీ. ఆ కుర్రాళ్లు కప్పు కోసం ఆడారు, నిజమే. ఇంట్లో పొయ్యి వెలగడం కోసం కూడా ఆడారు. ఓడితే ఊరికి తలవంపులు, గెలిస్తే కొలువు గట్టిపడ్డట్టు.

1950 నాటి హైదరాబాద్‌ని ఒకసారి తల్చుకోవాలి. రెండేళ్ల కిందట, 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం ముగిసింది. పాత సంస్థానం ఉద్యోగుల గుండెల్లో దడ. ఎవరి కొలువు ఉంటుందో, ఎవరిది ఊడుతుందో తెలియదు. ముస్లిం కుటుంబాలకైతే ఆ దిగులు రెండింతలు. సరిగ్గా అలాంటి రోజుల్లో, ఎక్కువమంది ముస్లిం కుర్రాళ్లే ఉన్న జట్టు, ‘హైదరాబాద్’ అని పేరు పెట్టుకుని బొంబాయి కూపరేజ్ మైదానంలో దిగి రోవర్స్ గెలిచింది. అదే సీజన్లో ఢిల్లీ వెళ్లి డ్యూరాండ్‌లో ఆడింది. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి డ్యూరాండ్ అది. రెండో ప్రపంచ యుద్ధం, దేశ విభజన గొడవల్లో తొమ్మిదేళ్లు పోటీ ఆగిపోయింది. కప్పు పాకిస్తాన్‌కి వెళ్లాల్సిందేమో అనే పరిస్థితి వస్తే, సర్వసేనాని ఆకిన్‌లెక్ దొర దాన్ని ఢిల్లీలోనే ఉంచే ఏర్పాటు చేశారని చెబుతారు. అలా మిగిలిన కప్పు తొలిసారి చేతికొచ్చింది ఎవరికి? ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించిన హైదరాబాద్ పోలీసులకి.

ఒకే ఏడాది రెండు కప్పులు! నాంపల్లి స్టేషన్‌లో దిగేటప్పటికి ఆ కుర్రాళ్ల ఇళ్లలో ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అక్కణ్నుంచి జైత్రయాత్రే. అలాగని అన్నీ గెలుపులే కావు. 1952 డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడారు. 1954లో మళ్లీ రెండు కప్పులూ తెచ్చారు. 1957లో మళ్లీ రెండూ. అప్పటికి రాష్ట్రం పేరు మారింది. తర్వాత జట్టు పేరూ ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. పేరు మారినా ఆట మారలేదు. 1960లో రోవర్స్, 1961లో మోహన్ బగాన్ మీదే మళ్లీ డ్యూరాండ్. 1962లో రోవర్స్‌ని ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నారు, 1963లో ఒక్కరే గెలిచారు. మొత్తం లెక్క వేస్తే తొమ్మిది రోవర్స్, నాలుగు డ్యూరాండ్. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరసగా గెలుచుకుంది.

ఈ కప్పుల లాభం ఊరికే పరిమితం కాలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1తో చిత్తుగా ఓడారు. ఆ చలిలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో అదే యుగోస్లావియాతో సెమీఫైనల్. ఈసారి ముందు గోలు కొట్టింది మనవాళ్లే. చివరికి 4-1తో ఓడినా, పదికీ నాలుగుకీ మధ్య ఉన్న తేడా చిన్నదా? అంతకుముందు ఆస్ట్రేలియాని దాని సొంత గడ్డ మీదే 4-2తో ఓడించారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా అందులో హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మన ఫుట్‌బాల్ ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఆ మెట్టు ఎక్కలేదు. ఆ జట్టులో హైదరాబాద్ మట్టిలో ఆట నేర్చినవాళ్లని లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలవు. గోల్‌కీపర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం...

బలరాం పేరొచ్చింది కాబట్టి ఒక ముచ్చట. తులసీదాస్ బలరాంది సైనిక్‌పురి దగ్గరి అమ్ముగూడ. పేద ఇల్లు. ఆ కుర్రాడి ఆట రహీం సాబ్ కంట్లో పడింది. ప్రాక్టీస్‌కి సిటీకి రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి బస్సు డబ్బులు కూడా లేని పరిస్థితి. దానికి రహీం సాబ్ చేసిందల్లా తన జేబులోంచి సైకిలు అద్దెకి డబ్బులివ్వడం. బలరాం పెద్దయ్యాక ఎన్ని ఇంటర్వ్యూలు ఇచ్చినా ఆ అద్దె సైకిలు సంగతి మరచిపోలేదు. బడిపంతులు జీతంలోంచి కేటాయించిన ఆ చిల్లర మెల్‌బోర్న్ దాకా, రోమ్ దాకా వెళ్లింది. బలరాం తర్వాత ఈస్ట్ బెంగాల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నారు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. రహీం సాబ్‌కి అప్పటికే క్యాన్సర్. ఆ ఒంటితోనే జట్టుని తీసుకెళ్లారు. స్టేడియం నిండా మనవాళ్లని గేలి చేసే జనం. ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. 1951లో ఢిల్లీలో ఇరాన్‌ని ఓడించి తెచ్చిన స్వర్ణం తర్వాత ఇది రెండోది. ఫుట్‌బాల్‌లో మనకి మూడోది ఇంకా రాలేదు. జకార్తా ఫైనల్లోనూ తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. 1963 జూన్ 11న రహీం సాబ్ వెళ్లిపోయారు. వయసు యాభై మూడు. ఆ ఏడాది గెలిచిన రోవర్సే పోలీసులకి చివరి రోవర్స్ కావడం యాదృచ్ఛికం అనుకోవడానికి మనసొప్పదు.

ఆయన ఒక్కడు పోతే అంతా పోయిందా అంటే, అదీ పూర్తి నిజం కాదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మట్టిలో సత్తువ తగ్గలేదు. నయీముద్దీన్ ఇక్కడివాడే. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్. హబీబ్ ఇక్కడివాడే. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన మొనగాడు. ఆయన తమ్ముడు అక్బర్, ఆ తర్వాత షబ్బీర్ అలీ... అందరూ హైదరాబాదీలే. కానీ అందరూ ఆడింది కలకత్తాలో! అక్కడి క్లబ్బులు డబ్బిచ్చేవి. నిండు గ్యాలరీలు ఇచ్చేవి. కానిస్టేబుల్ జీతం పట్టుకుని ఇక్కడే ఉండమని ఎవరు చెప్పగలరు? చెప్పినా ఎందుకు వినాలి? పోలీసు శాఖ ఇచ్చిన భద్రత 1950లో పెద్ద సంగతి. 1970కి వచ్చేసరికి అది చాలలేదు. హైదరాబాద్ పండించడం, కలకత్తా కోసుకోవడం... అలా కొన్నేళ్లు నడిచింది. తర్వాత 1983లో క్రికెట్ ప్రపంచకప్పు వచ్చింది. ఇక్కడ పండించడమే తగ్గిపోయింది.

రోవర్స్ కప్పు కూడా 2000-01 పోటీతో ఆగిపోయింది. అంటే వరసగా అయిదు గెలిచిన రికార్డుని ఇక ఎవరూ బద్దలు కొట్టలేరు, కొట్టడానికి కప్పే లేదు. ఇది సంతోషించాల్సిన విషయమో కాదో ఆలోచించుకోవాలి.

ఈమధ్య మళ్లీ కొన్ని మెరుపులు మెరిశాయి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ గెలిచింది. ఊరికి ఇంకా ఆ జట్టు పూర్తిగా అలవాటు కాకముందే 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. 2023 ఆగస్టు 15న హబీబ్ హైదరాబాద్‌లోనే చనిపోయారు. 2024లో రహీం సాబ్ మీద ‘మైదాన్’ సినిమా వచ్చింది. అజయ్ దేవగన్ ఆ పాత్ర వేశారు. సినిమా చూసొచ్చి, ‘ఈయన మన ఊరాయనా!’ అని ఆశ్చర్యపోయినవాళ్లు హైదరాబాద్‌లోనే బోలెడుమంది. అదే ఏడాది డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. తెలంగాణ జట్టు గ్రూపు దశలోనే ఆగిపోయింది. చివరి రోజు గచ్చిబౌలిలో కేరళని ఓడించి కప్పు పట్టుకెళ్లింది పశ్చిమ బెంగాల్.

పొద్దెక్కింది. ఉస్మానియా మైదానంలో పరుగులవాళ్లు ఆగి రొప్పుతున్నారు. పక్కనే అంబర్‌పేట పిల్లలు, చెప్పులు రెండేసి పెట్టి గోల్‌పోస్టు అనుకుని, రంగు వెలిసిన బంతితో ఆడుతున్నారు. ఎవడో గట్టిగా తన్నాడు. బంతి దొర్లుకుంటూ వచ్చి పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న ఒక కుర్రాడి ఎడమ కాలి దగ్గర ఆగింది.

‘అన్నా, బాల్ ఇటు గొట్టే!’

అతను స్టాప్‌వాచీ జేబులో పెట్టుకున్నాడు. ఒకడుగు పక్కకి జరిగి, కుడి కాలికి తెచ్చుకుని తన్నాడు. బంతి వెళ్లాల్సిన చోటికే వెళ్లింది. మళ్లీ పరుగు మొదలెట్టాడు. ఇంకో రెండు రౌండ్లున్నాయి.